వెనక్కి తిరిగిన విమానం రేడియో మాటలు నా దగ్గర రికార్డై ఉన్నాయి. బయటపెట్టవచ్చా?

మిద్దెమీద యాంటెనా (చర్చ మొదలుపెట్టినవారు)

మా బావది జగిత్యాల పక్కన పల్లె. సెలవు అయిపోయి పదకొండు రోజుల కిందట శంషాబాద్‌లో గల్ఫ్ విమానం ఎక్కాడు. ఏ కంపెనీయో చెప్పను. లేచిన పావుగంటకే అది వెనక్కి తిరిగింది. తిరిగి వెంటనే దిగిందా అంటే అదీ లేదు, గంటన్నర సేపు ఆకాశంలోనే చక్కర్లు కొట్టింది.

ఆ చక్కర్ల స్క్రీన్‌షాట్ ఎవరో ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఐదు నిమిషాలకి ఒక ఆడియో కూడా వచ్చింది. పైలట్ గొంతు, "మేడే మేడే" (ఆపదలో సాయం కోరే పిలుపు) అంటున్నాడు. కింద "మనవాళ్ల విమానం ఇంజిన్ పేలింది, ప్రార్థించండి" అని రాసి ఉంది. మా అక్క ఫోన్ పట్టుకుని గడపలోనే కూలబడిపోయింది. బావ దిగి ఫోన్ చేసేదాకా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

నేను హైదరాబాద్‌లో ఉంటాను. మా మిద్దె మీద చిన్న యాంటెనా, దానికి మూడు నాలుగు వేల రూపాయల డాంగిల్ (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్) ఉన్నాయి. విమానాలు పంపే స్థాన సమాచారాన్ని పట్టి, ఏ విమానం ఎక్కడుందో మ్యాప్‌లో చూపించే ఫ్లైట్‌రాడార్ వాళ్లకి ఇస్తుంటాను, బదులుగా వాళ్లు ప్రీమియం ఖాతా ఉచితంగా ఇస్తారు. అలాంటి డాంగిల్‌తోనే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య పైలట్లు, కంట్రోలర్లు మాట్లాడుకునేవి కూడా వినవచ్చు. ఆ రోజు విన్నాను, రికార్డు కూడా చేశాను. [ఇక్కడ రెండు వాక్యాలు తొలగించాం: మోడరేటర్]

నా ప్రశ్న ఒక్కటే. అబద్ధపు ఆడియో ఇప్పటికీ మూడు మండలాల్లో తిరుగుతోంది. నిజమైనది నా దగ్గర ఉంది. అది పెడితే పుకారు అక్కడితో చస్తుంది. అమెరికాలో ఇలాంటివి గంటల్లో టీవీకి ఎక్కుతాయి. మనం పెడితే తప్పేంటి?

నల్లకోటు

బ్రదర్, ఆ ఫైలు ఎవరికీ పంపకండి. కారణం తర్వాత చెబుతాను, ముందు ఆ పని మానండి.

మన దగ్గర 1933 నాటి వైర్‌లెస్ చట్టం లైసెన్సు లేని రేడియో పరికరం దగ్గర పెట్టుకోవడాన్నే నేరం చేసింది. ఆ తర్వాత 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం వచ్చింది. అందులో 42వ సెక్షన్ 2024 జూన్ 26 నుంచి అమల్లో ఉంది. సందేశాన్ని చట్టవిరుద్ధంగా ఇంటర్‌సెప్ట్ చేస్తే, అంటే మధ్యలో పట్టి వింటే, మూడేళ్ల దాకా జైలు, లేదా 2 కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఏ తాళమూ లేకుండా గాల్లో వదిలేసిన మాటని వినడం ఇంటర్‌సెప్ట్ అవుతుందా అని మనం ఇక్కడ వంద పోస్టులు వాదించుకోవచ్చు. కోర్టులో వాదించాలంటే మాత్రం ముందు మీరు ముద్దాయి కావాలి.

మీ పోస్టుని మోడరేటర్‌కి రిపోర్ట్ చేసింది కూడా నేనే, కోపం వద్దు. "నేను విన్నాను, అందులో పైలట్ ఫలానా మాట అనలేదు" అని రాశారు. ఆడియో పెట్టకపోయినా, విన్నది బయటపెట్టినట్టే కదా. బ్రిటన్‌లో 2006 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం 48వ సెక్షన్ ఈ రెండింటినీ విడివిడిగా నేరం అంటుంది: మనకి ఉద్దేశించని సందేశంలో ఏముందో తెలుసుకోవాలని వినడం ఒకటి, విన్నది ఇంకొకరికి చెప్పడం ఒకటి. అక్కడ స్కానర్ (ఇలాంటి మాటలు పట్టే రేడియో) కొనుక్కోవచ్చు, ఇంట్లో పెట్టుకోవచ్చు, విమానాల మాటలు మాత్రం వినకూడదు. లండన్ హీత్రో ఎయిర్‌పోర్టు కంచె దగ్గర చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని నిలబడే పెద్దమనుషులని ఎవరూ పట్టుకోరు, అది వేరే సంగతి.

రన్‌వే 09

ముందు ఆ వాట్సాప్ ఆడియో సంగతి తేలుద్దాం. అన్నా, నాకు అది మూడు గ్రూపుల్లో వచ్చింది. కాల్‌సైన్ (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు) చివర "హెవీ" అని వినిపిస్తుంది, గమనించారా? 136 టన్నులు, ఆపైన బరువుతో లేవగలిగే విమానాలకే ఆ మాట తగిలిస్తారు. మీ బావ ఎక్కింది మధ్యలో ఒకటే నడవ ఉండే విమానం అయితే దానికి హెవీ రాదు. ఆ గొంతు 2021 ఫిబ్రవరి 20న డెన్వర్ నుంచి హొనలులూ బయల్దేరిన యునైటెడ్ 328ది. బోయింగ్ 777, కుడి ఇంజిన్‌లో ఫ్యాన్ బ్లేడ్ విరిగింది, ముక్కలు బ్రూమ్‌ఫీల్డ్‌లో ఇళ్ల ముందు పడ్డాయి. వెనక్కి తిరిగి క్షేమంగా దిగింది. కంపెనీ పేరు, "డెన్వర్" అన్న మాట కత్తిరించి మనవాళ్లకి అంటగట్టారు.

నేను దీన్ని ఎలా గుర్తుపట్టగలిగాను? ఆ ఆడియో అక్కడ బహిరంగంగా ఉంది కాబట్టి. అమెరికాలో 1986 నాటి చట్టమే విమానయాన రేడియో మాటలు వినడానికి మినహాయింపు ఇచ్చింది. అందుకే ఆ మాటలని అందరికీ వినిపించే లైవ్ఏటీసీ లాంటి సైటు అక్కడ ఇరవై ఏళ్లకి పైగా నడుస్తోంది.

దాని వల్ల జరిగిన మేలు ఒకటి చెబుతాను. 2020 జనవరి 14న లాస్ ఏంజెలెస్ నుంచి షాంఘై వెళ్లే డెల్టా 89 లేచిన కాసేపటికే ఇంజిన్ ఇబ్బంది వచ్చి వెనక్కి తిరిగింది. దిగేముందు బరువు తగ్గడానికి ఇంధనం గాల్లో వదలాలా, అందుకు ఆగాలా అని కంట్రోలర్ అడిగాడు, అక్కర్లేదన్నాడు పైలట్. ఆ తర్వాత తక్కువ ఎత్తులో, జనం మీద ఇంధనం వదిలేశారు. కడహీ అనే చోట బడి ఆవరణలో ఆడుకుంటున్న పిల్లల మీద పడింది. అన్ని చోట్లా కలిపి యాభై మందికి పైగా ఒళ్లు మంటలు, దురదలు. ఇంధనం వదిలితే ఎత్తులో, నిర్దేశించిన చోట వదలాలి, అప్పుడది నేల తాకేలోపే ఆవిరైపోతుంది. పైలట్ "అక్కర్లేదు" అన్న మాట ఆ బడి పిల్లల తల్లిదండ్రులకి గంటల్లో తెలిసింది, ఎవరో మామూలు మనిషి స్కానర్ పెట్టుకుని కూర్చున్నాడు కాబట్టి. మన దగ్గర అయితే "సాంకేతిక కారణాలు" అనే రెండు మాటలు చెప్పి చేతులు దులుపుకునేవాళ్లు.

గుమ్మడిపూలు

మా గ్రూపులో ఇంకో మేధావి ఆ వాట్సాప్ ఆడియోని తెలుగులోకి దించాడు కూడా. కంట్రోలర్ "సోల్స్ ఆన్ బోర్డ్" ఎంత అని అడిగాడట. "లోపల ఎన్ని ఆత్మలు ఉన్నాయని అడుగుతున్నారు, అంటే అప్పటికే అందరూ పోయారన్నమాట" అని వివరణ. నాలుగు వందల మంది దండాలు పెట్టారు.

టవర్ దిగిన మనిషి

గుమ్మడిపూలు గారు, నవ్వొచ్చింది గానీ నా భయం సరిగ్గా అదే. నేను ముప్పై ఏళ్లు ఏటీసీలో, అంటే విమానాలకి దారి చెప్పే కంట్రోల్‌లో, పనిచేసి రిటైర్ అయ్యాను. ఎమర్జెన్సీ వస్తే మేం అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి. లోపల ఎంతమంది, ఎన్ని గంటల ఇంధనం ఉంది. మంటలార్పే వాళ్లకి లెక్క చెప్పాలి కదా. బయటివాడు వింటే గుండె ఆగుతుంది, మాకది ఫారం నింపడం లాంటిది.

ఆ చక్కర్ల సంగతి కూడా చెబుతాను, చాలామందికి తెలియదు. గల్ఫ్ దాకా వెళ్లే విమానం ఆ దూరానికి సరిపడా ఇంధనం పోసుకుని లేస్తుంది. లేవగలిగే బరువు వేరు, దిగగలిగే బరువు వేరు. బోయింగ్ 777-300ఈఆర్ 351 టన్నులతో లేస్తుంది, మామూలుగా దిగాలంటే 251 టన్నులు దాటకూడదు. మధ్యలో వంద టన్నుల తేడా. పెద్ద విమానాలకి ఇంధనం వదిలే గొట్టాలు ఉంటాయి. 737, ఏ320 రకాలకి అవి ఉండవు. తొందర లేని సమస్య అయితే తిరిగి తిరిగి కాల్చేస్తారు. మంటలే ఉంటే బరువుతోనే దించేస్తారు, తర్వాత చక్రాలు, రెక్కలు తనిఖీ చేసుకుంటారు. కాబట్టి గంటన్నర చక్కర్లు కొట్టిందంటే పైలట్‌కి తొందర లేదని అర్థం. 2024 అక్టోబర్ 11న తిరుచిరాపల్లి నుంచి షార్జా బయల్దేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 కూడా హైడ్రాలిక్ లోపంతో ఇలాగే రెండు గంటలకి పైగా తిరిగింది. 141 మంది ప్రయాణికులు. టీవీలు ప్రతి చక్కరూ లెక్కపెట్టాయి. విమానం మామూలుగా దిగింది.

ఇక అసలు వాదన. రేడియోలో మీరు విన్నదే కాక్‌పిట్‌లోనూ విన్నారని అనుకుంటున్నారు. అది నిజం కాదు. 2025 జనవరి 29న వాషింగ్టన్‌లో నది మీద ప్రయాణికుల జెట్టు, సైన్యం హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయారు. ఆడియో గంటల్లో ప్రపంచమంతా తిరిగింది. జెట్టు వెనక నుంచి వెళ్లమని కంట్రోలర్ చెప్పడం మనకి వినిపిస్తుంది. చెప్పినా వినలేదని హెలికాప్టర్ వాళ్లని తిట్టినవాళ్లు కొందరు, ముందే ఎందుకు చెప్పలేదని కంట్రోలర్‌ని తిట్టినవాళ్లు కొందరు. రెండు వారాల తర్వాత దర్యాప్తు సంస్థ ఏం చెప్పింది? సరిగ్గా ఆ క్షణంలో హెలికాప్టర్ మైకు బటన్ 0.8 సెకను నొక్కి ఉంది, ఆ "వెనక నుంచి వెళ్లు" అన్న మాటలు వాళ్ల చెవిన పడి ఉండకపోవచ్చు అని. మైకు నొక్కితే రిసీవర్ మూగబోతుంది. బయట స్కానర్లకి స్పష్టంగా వినిపించిన మాట, వినవలసిన వాళ్లకే అందలేదు.

ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి స్థానంలో నన్ను ఊహించుకుంటాను. నా గొంతుని కోటి మంది వింటారని తెలిస్తే రేపు ఎమర్జెన్సీలో నేను విమానం కోసం మాట్లాడతానా, కోటి మంది కోసం మాట్లాడతానా? అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం దర్యాప్తు దశలో ఏటీసీ రికార్డింగులకి రక్షణ పెట్టింది ఇందుకే.

రన్‌వే 09

సార్, మీ మీద గౌరవంతోనే ఒక మాట. రికార్డింగ్ దాచారు కాబట్టి జనం ఊహించుకోకుండా ఊరుకున్నారా? 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఏం జరిగిందో గుర్తుందా. "థ్రస్ట్ లేదు, పవర్ పోతోంది, లేవలేకపోతున్నాం" అని పైలట్ చివరిసారి చెప్పాడని ప్రతి చానెల్ చదివింది. నెల తర్వాత ప్రాథమిక నివేదిక వచ్చింది. అందులో రేడియోలో వెళ్లిన మాటగా ఉన్నది "మేడే మేడే మేడే" మాత్రమే. కంట్రోలర్ కాల్‌సైన్ అడిగాడు, జవాబు రాలేదు. మిగతా మాటలన్నీ ఎవరో పైలట్ నోట్లో పెట్టినవి. 260 మంది పోయిన రోజున. అసలు ఆడియో బయట ఉండి ఉంటే ఆ మాటలు పుట్టేవా?

మన శంషాబాద్ సంగతే చూడండి. ఆ జూన్ 15నే ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ వస్తున్న లుఫ్తాన్సా విమానం దారి మధ్యలో వెనక్కి తిరిగింది. దిగడానికి అనుమతి రాలేదని కంపెనీ అంది. బాంబు బెదిరింపు మెయిల్ వచ్చింది, దగ్గర్లో అనువైన ఎయిర్‌పోర్టుకి మళ్లమని సూచించామని ఎయిర్‌పోర్టు అంది. ఎవరి మాట నమ్మాలి?

టవర్ దిగిన మనిషి

ఇద్దరూ అబద్ధం ఆడలేదు బాబూ, ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చెప్పారు. ఆ విమానం మన గగనతలంలోకే రాలేదు. మీ మిద్దె మీద పది యాంటెనాలు పెట్టినా ఒక్క ముక్క వినపడేది కాదు. ఈ రేడియో చూపుకి అందినంత దూరమే పనిచేస్తుంది.

అహ్మదాబాద్ విషయంలో మాత్రం నీ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ వాక్యం టీవీలో విన్నప్పుడే నాకు అనుమానం వచ్చింది. అంత పొడుగ్గా మాట్లాడే సమయం ఎక్కడిది?

డాలస్ కోడలు

రేడియో వింటే అన్నీ తెలిసిపోతాయనేది భ్రమ అండి. 2025 మార్చిలో షికాగో నుంచి ఢిల్లీ బయల్దేరిన ఎయిర్ ఇండియా విమానం గ్రీన్‌లాండ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది, మొత్తం పది గంటలకి పైగా గాల్లో ఉండి మళ్లీ షికాగోలోనే దిగింది. మా తెలుగువాళ్ల గ్రూపుల్లో హైజాక్ నుంచి ఇంజిన్ మంటల దాకా అన్నీ రాశారు. అసలు కారణం 12 మరుగుదొడ్లలో 8 పనిచేయకపోవడం. గొట్టాల్లో పాలిథిన్ కవర్లు, గుడ్డలు దొరికాయని కంపెనీ తర్వాత చెప్పింది. సముద్రం మీద సంభాషణ చాలావరకు టెక్స్ట్ మెసేజీల్లోనే నడుస్తుంది, ఏ స్కానర్‌కీ దొరకదు. దొరికినా "మరుగుదొడ్డి" అన్న మాట వినడం కోసం ఇంత గొడవా?

వైజాగ్ హామ్

హైదరాబాద్‌లో హామ్ (సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల) పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్న తమ్ముళ్లకి ఒక హెచ్చరిక. ఆ లైసెన్సు హామ్‌లకి కేటాయించిన అమెచ్యూర్ బ్యాండ్లకి మాత్రమే. విమానాల బ్యాండ్‌కి అది టికెట్ కాదు.

మా ఊరి సంగతి ఇంకా తేడా. వైజాగ్ ఎయిర్‌పోర్టు ఉన్నది నేవీ స్థావరం ఐఎన్‌ఎస్ డేగలో, కంట్రోల్ నేవీది. నువ్వు తిరుపతి ఫ్లైట్ మాటలనుకుని లైవ్ పెడితే పక్కన నేవీ విమానం గొంతు కూడా అందులోకి రావచ్చు. అప్పుడు నిన్ను ప్రశ్నించేది టెలికాం వాళ్లు కాదు.

రన్‌వే 09

గూఢచారి నా మూడు వేల డాంగిల్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటాడా అన్నా?

వైజాగ్ హామ్

కూర్చోడు. కానీ స్టేషన్‌లో ఎస్సైకి ఆ తేడా నువ్వే చెప్పుకోవాలి.

మధ్యేమార్గం

ఇద్దరి వాదనలూ చదివాను. పెట్టాలా వద్దా అని కొట్టుకుంటున్నాం గానీ, ఎవరు పెట్టాలి, ఎంత తొందరగా పెట్టాలి అనేది ఎవరూ అడగడం లేదు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350, కోస్ట్‌గార్డ్ విమానం రన్‌వే మీద ఢీకొన్నాయి. పెద్ద విమానంలోని 379 మందీ బతికారు, కోస్ట్‌గార్డ్ వాళ్లు ఐదుగురు పోయారు. మర్నాడే అక్కడి మంత్రిత్వ శాఖ ఏటీసీ సంభాషణ పాఠాన్ని అచ్చంగా విడుదల చేసింది. కోస్ట్‌గార్డ్ విమానాన్ని రన్‌వే ముందున్న ఆగే చోటుదాకా వెళ్లమన్నారే తప్ప రన్‌వే ఎక్కమనలేదని అందరికీ ఒకే కాగితం మీద తెలిసింది. దర్యాప్తు ఆగిపోలేదు, కంట్రోలర్ల గొంతులూ బజారున పడలేదు.

మన దగ్గర కుదరదా అంటే కుదిరింది. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్లే ఇండిగో వడగళ్ల వానలో చిక్కుకుంది. రెండు రోజుల్లో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ప్రకటన ఇచ్చింది: పక్కకి తప్పుకుంటామంటే వైమానిక దళం నార్తర్న్ కంట్రోల్ ఒప్పుకోలేదు, లాహోర్‌ని అడిగితే వాళ్లూ కాదన్నారు, మొదట వెనక్కి తిరగాలని చూశారు గానీ అప్పటికే మేఘానికి బాగా దగ్గర కావడంతో అందులోంచే వెళ్లారు. రేడియోలో నడిచిన సంగతంతా చెప్పారు. ఎంపీలు ఉన్న విమానం కాబట్టి అంత తొందరగా చెప్పారేమోనని నా అనుమానం. గల్ఫ్‌కి పోయే కూలీల విమానానికి అలాంటి ప్రకటన ఎప్పుడైనా చూశారా?

మిద్దెమీద యాంటెనా

చివరి ప్రశ్న గట్టిగా తగిలింది సార్.

బావతో నిన్న మాట్లాడాను. మర్నాడు వేరే విమానంలో పంపించారు, డ్యూటీలో చేరిపోయాడు. ఆ గంటన్నరా నిద్రపోయాడట. "దిగినాక లేపిర్రు, దుబాయ్ వచ్చిందనుకున్న" అంటాడు. కారణం మాత్రం ఆయనకీ ఎవరూ చెప్పలేదు.

రన్‌వే 09 చెప్పిన హెవీ సంగతి ఊరి గ్రూపులో పెట్టాను. ఒకాయన "అయితే అసలుది పెట్టు, నమ్ముతాం" అన్నాడు. అక్కడే ఇరుక్కున్నాను. అబద్ధం పంపినవాడు హాయిగా ఉన్నాడు, అమెరికాలో బహిరంగంగా ఉన్న ఆడియో వాడాడు కాబట్టి వాడికి 42వ సెక్షన్ వర్తించదు. నిజం దగ్గర పెట్టుకున్న నాకే వర్తిస్తుంది. నల్లకోటు గారు, ఇదేం లెక్క?

నల్లకోటు

పుకారు పుట్టించినవాడి మీద వేరే సెక్షన్లు ఉన్నాయి, ఎవరూ కేసు పెట్టరు అంతే. మీ లెక్క తప్పని నేనూ అనలేను.

ఒక దారి ఉంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ప్రైవేటుది అయినా అక్కడ ఏటీసీ నడిపేది ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా. ప్రభుత్వ సంస్థ, సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి ఫలానా తేదీ, ఫలానా విమానం సంభాషణ పాఠం, తిరిగి రావడానికి నమోదైన కారణం ఇవ్వమని అడగండి. భద్రత పేరు చెప్పి కాదనవచ్చు, అప్పీలుకి వెళ్దాం. జవాబుకి వాళ్లకి 30 రోజుల గడువు.

టవర్ దిగిన మనిషి

ఒక చిక్కు ఉంది. అంతర్జాతీయ నియమం ప్రకారం ఏటీసీ రికార్డింగ్ కనీసం 30 రోజులు ఉంచాలి. దర్యాప్తు లేకపోతే ఆ తర్వాత ఉంచాలని లేదు. జవాబు వచ్చేసరికి టేపే ఉండకపోవచ్చు. అందుకే అర్జీ మొదటి వాక్యంలోనే ఆ రికార్డింగ్ చెరపకుండా భద్రపరచమని రాయి. తేదీ, టైము యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) వెయ్యి, లోపల అందరూ ఆ టైమే చూస్తారు. విమానం లేచి ఎన్ని రోజులైంది అన్నావు?

మిద్దెమీద యాంటెనా

చర్చ మొదలుపెట్టిన రోజుకి పదకొండు. ఇవాళ్టికి పదమూడు.

టవర్ దిగిన మనిషి

అయితే ఇంకా ఇక్కడ ఏం చేస్తున్నావయ్యా, పోస్టాఫీసుకి వెళ్లు. స్పీడ్ పోస్ట్ చెయ్యి, రసీదు పారేయకు.